మత్తుమందు: ఆపరేషన్ థియేటర్ నుంచి కల్లు కాంపౌండు దాకా

తెలుగులో ‘మందు’ అనే మాట చాలా పనులు చేస్తుంది. జ్వరానికి వేసుకునేది మందే. చేలో పురుగుకి కొట్టేది మందే. తుపాకీలో దట్టించేది మందే. సాయంత్రం సీసాలో తెచ్చుకునేదీ మందే. ఈ కుటుంబంలోనే ఒక జంట మాట ఉంది: మత్తుమందు. ‘మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేశారు’ అని పేపర్లో ఒక పేజీలో చదువుతాం. ‘మత్తుమందు అమ్ముతూ పట్టుబడ్డారు’ అని అదే పేపర్లో ఇంకో పేజీలో చదువుతాం. మన చుట్టూ వినబడే తమిళంలో మొదటిదాన్ని మయక్క మరుందు అంటారు, రెండోదాన్ని పోదై పొరుళ్ అంటారు. వాళ్లకి రెండు మాటలు. మనకి రెండింటికీ ఒక్కటే.

ఒకే మాట ఉంది కదా అని మన భాషను తప్పుపట్టక్కర్లేదు. శాస్త్రం వైపు నుంచి చూస్తే ఆ రెండు మత్తుమందులూ మెదడులో నడిచే దారి చాలావరకు ఒకటే. ఒకటి ప్రాణం నిలబెడుతుంది, ఇంకొకటి ప్రాణం తీస్తుంది. తేడా ఎక్కడ వస్తుందంటే మూడు చోట్ల: ఎంత ఇచ్చారు, పక్కన ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు, ఎన్నాళ్లు వాడారు. ఈ మూడోది మన ఇళ్లలో ఎవరికీ సరిగ్గా తెలియదు. తాగుడు మానేసిన మనిషికి రెండో రోజో మూడో రోజో పిచ్చెత్తినట్టు ఎందుకవుతుంది? అది నటనా? మొండితనమా? దీనికి జవాబు తెలియక తెలంగాణలో ప్రాణాలు పోయాయి. ఆ కథ దాకా వెళ్లాలంటే ముందు కాఫీ దగ్గర మొదలుపెట్టాలి.

కాఫీ చేసే పని

మనసు మీద పనిచేసే పదార్థాల్లో మనందరం రోజూ వాడేది కాఫీ. కాఫీ తాగితే శక్తి వస్తుంది అంటాం. నిజానికి కాఫీలోని కెఫీన్ మెదడుకి ఏ శక్తినీ ఇవ్వదు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని లెక్క. ఒక కణానికీ పక్క కణానికీ మధ్య చాలా సన్నని సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి కొన్ని రసాయనాలు వదులుతుంది. అవతలి కణం మీద వాటికి సరిపడే గ్రాహకాలు ఉంటాయి. రసాయనం తాళంచెవి అనుకోండి, గ్రాహకం తాళం. చెవి తాళంలో పడి తిరిగితే అవతలి కణం హుషారవడమో, చల్లబడడమో జరుగుతుంది. మనం నవ్వడం, పరీక్షంటే భయపడడం, మర్చిపోయిన పాట గుర్తుకు రావడం, అన్నీ ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నడుస్తాయి.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తన తాళాల్లో పడేకొద్దీ కణాలు నెమ్మదిస్తాయి, మనకి నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ రూపం అడినోసిన్‌కి దగ్గరగా ఉంటుంది. అది ముందే వెళ్లి ఆ తాళాల్లో కూర్చుంటుంది, కానీ తాళం తిప్పదు. నిజమైన చెవికి చోటు దొరకదు. అంటే అలసట ఎక్కడికీ పోలేదు, అలిసిపోయామన్న కబురు మాత్రం అందడం లేదు. కొన్ని గంటల తర్వాత కెఫీన్ ఖాళీ చేశాక ఆ కబురంతా ఒక్కసారిగా అందుతుంది.

రోజూ కాఫీ తాగేవాళ్ల మెదడు చూస్తూ ఊరుకోదు. ఉన్న తాళాలు మూసుకుపోతున్నాయి కాబట్టి కొత్త తాళాలు తయారుచేసుకుంటుంది. అందుకే మొదట్లో ఒక గ్లాసుకి వచ్చే హుషారు కొన్నాళ్లకి రెండు గ్లాసులు పడితే గానీ రాదు. ఏదో ఉపవాసమని ఒకరోజు కాఫీ మానేస్తే సాయంత్రానికల్లా తల పగిలిపోతుంది. ఆ తలనొప్పి కాఫీలోంచి రాలేదు. కాఫీని తట్టుకోవడానికి మెదడు చేసుకున్న ఏర్పాటు, కాఫీ రాని రోజున ఎదురు లేకుండా మిగిలిపోయింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతా కథకి ఇదే ఆధారం.

మెదడు సొంత తాళంచెవులు

ఎక్కడో చెట్టులోనో, పువ్వులోనో ఉన్న పదార్థానికి సరిపడే తాళం మన తలలో ఎందుకుంది? ఆ తాళాలు నిజానికి మన సొంత రసాయనాల కోసం ఉన్నవి. నల్లమందులోని మార్ఫిన్ పట్టుకునే తాళాలకి సరిపోయే చెవుల్ని మన మెదడే తయారుచేసుకుంటుందని 1975లో తేలింది. గంజాయి పట్టుకునే తాళానికి సరిపడే సొంత పదార్థం 1992లో దొరికింది. కనిపెట్టినవాళ్లు దానికి పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన ‘ఆనంద’ శబ్దమే. ఒక మెదడు రసాయనం పేరులో సంస్కృతం మాట ఉందంటే మన డిపార్ట్‌మెంటు వాళ్లం కాస్త గర్వపడొచ్చు.

ఇంకో మొక్క సంగతి కూడా మాటల్లోనే దాగుంది. వినాయక చవితి పత్రిలో ఉమ్మెత్త ఆకు ఉంటుంది కదా. సంస్కృతంలో ఆ మొక్కకున్న పేర్లలో ‘ఉన్మత్త’ ఒకటి. మన ఉమ్మెత్త, తమిళుల ఊమత్తై రెండూ ఆ మాట నుంచి వచ్చినవే. పేరు పెట్టినవాళ్లకి దాని గుణం బాగా తెలుసన్నమాట. ఉమ్మెత్తలోని అట్రోపిన్, స్కోపోలమిన్ అనే పదార్థాలు మెదడులో అసిటైల్‌కోలిన్ తాళాలను మూసేస్తాయి. కనుపాపలు విప్పారతాయి, నోరు ఎండిపోతుంది, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతారు, తేరుకున్నాక ఏదీ గుర్తుండదు. కాస్త ఎక్కువైతే ప్రాణమే పోతుంది. ఇదే అట్రోపిన్‌ని డాక్టర్లు కొన్ని రకాల పురుగుమందు తాగినవాళ్లకి విరుగుడుగా ఇస్తారు. మందుకి మందే విరుగుడు. కొలత తెలిసిన చేతిలో ఉండడమే తేడా.

కైపు, మైకం, సోయి

ఇప్పుడు మన అసలు విషయం, మత్తు. మెదడులో కణాలను తొందరపెట్టే రసాయనాలు ఉన్నట్టే అదుపులో పెట్టే రసాయనాలూ ఉన్నాయి. అదుపు చేసేవాటిలో ముఖ్యమైనది గాబా. బండికి బ్రేకు ఎలాంటిదో మెదడుకి గాబా అలాంటిది. బ్రేకు లేకపోతే కణాలన్నీ ఒకేసారి మోగిపోయి ఫిట్స్ వస్తాయి. సారాయి, క్లోరోఫాం, నిద్రమాత్రలు, మూడూ తలా ఒక పద్ధతిలో ఈ బ్రేకు మీదే కాలు వేస్తాయి. సారాయి, క్లోరోఫాం ఇంకా కొన్ని ఇతర తాళాల్లో కూడా వేలు పెడతాయి గానీ పెద్ద పని ఇక్కడే.

ఈథర్ వాసన చూపించి ఆపరేషన్లు చేసే రోజుల్లో ఆర్థర్ గ్వెడెల్ అనే అమెరికన్ డాక్టరు, మత్తులోకి మనిషి నాలుగు మెట్లు దిగుతాడని వివరించాడు. మొదటి మెట్టులో నొప్పి మొద్దుబారుతుంది, మనిషి మేలుకునే ఉంటాడు. రెండో మెట్టులో అదుపు తప్పుతుంది, అరుస్తాడు, ఏడుస్తాడు, కాళ్లూ చేతులూ విదిలిస్తాడు. మూడో మెట్టులో తెలివి పూర్తిగా పోయి ఊపిరి మాత్రం లయగా ఆడుతుంది. కత్తి పెట్టేది ఇక్కడే. నాలుగో మెట్టులో ఊపిరి ఆగిపోతుంది.

తాగినవాళ్లని చూసి మనవాళ్లు పెట్టుకున్న మాటలు దాదాపు ఇదే వరసలో ఉంటాయి. ముందు కైపు. తర్వాత తలకెక్కడం. ఆ తర్వాత మైకం. చివరికి తెలివి తప్పడం, తెలంగాణ మాటలో చెప్పాలంటే సోయి లేకపోవడం. మెదడును నెమ్మదింపజేసే సారాయి ముందు మనిషిని వాగుడుకాయను ఎందుకు చేస్తుందన్న అనుమానం చాలామందికి వస్తుంది. నుదుటి వెనకున్న మెదడు భాగం మనల్ని ‘ఇప్పుడు ఈ మాట అనకు, అందరిలో ఇలా చేయకు’ అని పట్టి ఉంచుతుంది. మత్తుకి ముందుగా పట్టుతప్పేది ఆ పెద్దరికమే. అందుకే మత్తులో పైకి కనబడేది హుషారే అయినా లోపల జరుగుతున్నది కళ్లెం జారిపోవడం.

ఇంకో విచిత్రం ఉంది. జ్ఞాపకాలను రాసుకునే భాగం కూడా తొందరగానే మూతపడుతుంది. అప్పుడు మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పోట్లాడతాడు, మర్నాడు మాత్రం ఏదీ గుర్తుండదు. మేలుకుని ఉండడం వేరు, ఆ మేలుకుని ఉన్నదాన్ని రాసిపెట్టుకోవడం వేరు. స్పృహ అనేది ఒకే దీపం అనుకుంటాం గానీ అది చాలా దీపాలున్న ఇల్లు, మత్తు వాటిని ఒక వరసలో ఆర్పుతుంది. చివరి దీపం ఊపిరి.

హైదరాబాదులో క్లోరోఫాం

ఆ చివరి దీపం గురించి ప్రపంచమంతా వాదులాడుకున్న రోజుల్లో తేల్చడానికి పూనుకున్నది మన హైదరాబాదు. క్లోరోఫాం మత్తును 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు. నొప్పి లేని ఆపరేషన్ అని లోకం సంతోషించింది గానీ, మత్తు ఇస్తుండగానే కొందరు చనిపోయేవాళ్లు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఎడింబరో డాక్టర్లు ఊపిరిని కనిపెట్టుకుంటే చాలన్నారు. లండన్ వాళ్లు గుండె నాడిని చూడమన్నారు.

అప్పుడు నిజాం సంస్థానంలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ హైదరాబాదు మెడికల్ స్కూలు నడిపేవాడు. ఆయన 1888లో ఒక సంఘం, 1889లో ఇంకో సంఘం వేసి వందలాది జంతువుల మీద క్లోరోఫాం పరీక్షలు చేయించాడు. రెండో సంఘానికి లండన్ ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చాడు. ముందు ఆగేది ఊపిరే, దాన్నే చూడండి అని వాళ్లు తేల్చారు. తర్వాత 1911లో, పలచగా ఇచ్చిన క్లోరోఫాం కూడా ఒక్కోసారి గుండె లయను చెడగొట్టి చంపగలదని గుడ్‌మన్ లెవీ చూపించాడు. అంటే హైదరాబాదు వాళ్లు చెప్పింది సగమే నిజం. కానీ మత్తు ఇచ్చిన మనిషి ఊపిరి మీంచి చూపు తిప్పకూడదన్న మాట మాత్రం ఇవాళ్టికీ నిలిచింది.

మనం తెలుసుకోవాల్సిన పేరు ఇంకొకటి ఉంది: డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో ఆ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు అమ్మాయిల్లో ఈమె ఒకరు, పార్సీ. 1889లో చదువు పూర్తిచేసి హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే పని చేపట్టారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఈమెను లెక్కిస్తారు. మత్తు ఇచ్చేవాళ్లకి ఆ వాయువుల గుణం తెలియాలని 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. ఆడపిల్ల చదువుకోవడమే గొప్పనుకునే రోజుల్లో, మనుషుల తెలివిని కాసేపు పక్కన పెట్టి మళ్లీ క్షేమంగా చేతికిచ్చే పని ఒక అమ్మాయికి అప్పగించారు.

మత్తు డాక్టరు పని గురించి మనకున్న ఊహ సూది పొడవడం వరకే. నిజానికి అది చాలా చిన్న భాగం. ఆపరేషన్ నడిచినంతసేపూ ఊపిరి, నాడి, రక్తపోటు చూస్తూ, మూడో మెట్టు మీద నిలబెట్టి నాలుగో మెట్టుకి జారనివ్వకుండా కాపలా కాయడమే అసలు పని.

క్లోరోఫాం చుట్టం కల్లులోకి

క్లోరోఫాంకి రసాయనశాస్త్రంలో ఒక దగ్గరి చుట్టం ఉంది, క్లోరల్ హైడ్రేట్. అది ఒంట్లోకి వెళ్లి క్లోరోఫాంగా మారుతుందేమోనన్న ఊహతో ఆస్కార్ లీబ్‌రైక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1869లో దాన్ని పరీక్షించాడు. ఊహ తప్పింది గానీ నిద్ర మాత్రం నిజంగానే వచ్చింది. అలా అది మొదటి కృత్రిమ నిద్రమందుల్లో ఒకటైంది. ఈ క్లోరల్ హైడ్రేటే ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి తెలంగాణ కల్లు దుకాణాల కుండల్లోకి చేరింది. దానితోపాటు 1963లో బజారులోకి వచ్చిన డయజెపాం, ఆ తర్వాత వచ్చిన ఆల్ప్రజోలం కూడా.

ఇక్కడ మద్రాసులో పెరిగినవాళ్లకి కల్లు సంగతి అంతగా తెలియకపోవచ్చు. తమిళనాడులో 1987 నుంచి కల్లు అమ్మకానికి అనుమతి లేదు. తెలంగాణలో కల్లు బతుకులో భాగం. బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక పెడతారు. పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు కూడా ఒళ్లు నొప్పులకని తాగుతారు, దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. తాటిచెట్టు నుంచో ఈతచెట్టు నుంచో గీత కార్మికుడు దించిన కల్లు తనంతట తనే పులుస్తుంది. బీరుకి దగ్గరగా ఉంటుంది దాని మత్తు. ఒక రోజు దాటితే పుల్లబడిపోతుంది, దూరం తీసుకెళ్లి అమ్మలేం.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఉన్న కల్లులో నీళ్లు పోస్తే మత్తు తగ్గిపోతుంది. తగ్గిన మత్తుకి బదులుగా నిద్రమందు పొడి కలుపుతారు. ఊళ్లలో జనం దీనికి పేరు కూడా పెట్టుకున్నారు: మందు కల్లు. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. చూడండి, మన ‘మందు’ మళ్లీ వచ్చింది.

ఈ పొడి ఎంత ప్రమాదమో చిన్న లెక్క చెబుతుంది. డాక్టరు రాసిచ్చే ఆల్ప్రజోలం బిళ్లలో ఉండేది 0.25 మిల్లీగ్రాములు, లేదా 0.5 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్రాము పొడితో చిన్న బిళ్లలు 4,000 చేయొచ్చు. ఒక కిలో పొడి అంటే 40 లక్షల బిళ్లలు. దాన్ని డ్రమ్ములో పోసి కర్రతో కలిపే మనిషికి ఏ సీసాలోకి ఎంత వెళ్లిందో తెలుస్తుందా? పైగా సారాయి, నిద్రమందు రెండూ ఒకే బ్రేకును తొక్కుతాయి. విడివిడిగా తట్టుకోగలిగిన కొలతలే రెండూ కలిసినప్పుడు ఊపిరిని మందగింపజేస్తాయి. ఆపరేషన్ బల్ల దగ్గర కాపలా ఉంది. కల్లు కాంపౌండు బల్ల దగ్గర ఎవరూ లేరు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు, పదుల సంఖ్యలో జనం ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లు నమూనాల్లో దొరికింది ఆల్ప్రజోలమే.

మన పక్కన 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయిన సంఘటన గుర్తొచ్చే ఉంటుంది. అది వేరు. అక్కడ చంపింది మిథనాల్. అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి రక్తాన్ని ఆమ్లమయం చేస్తుంది, కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. అది విషం కథ. మందు కల్లుది అలవాటు కథ.

2015లో జరిగింది

2015లో తెలంగాణ ఎక్సైజు అధికారులు కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేశారు. నిద్రమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకడం మానేసింది. మంచిపనేగా అనిపిస్తుంది. కానీ రెండు మూడు రోజులకే నిజామాబాద్ జిల్లాలోనూ చుట్టుపక్కలా ఆసుపత్రులకి జనం రావడం మొదలైంది. కొందరికి ఫిట్స్. కొందరికి చేతులు, మెడ, నాలుక వణుకు. కొందరు లేని మనుషుల్ని చూసి కేకలు పెట్టారు, సొంతవాళ్లని గుర్తుపట్టలేదు. కొందరు చనిపోయారు. ఆడవాళ్లూ ఉన్నారు. కొందరిని హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకొచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు, మద్యం దుకాణాలు ఒకేసారి మూతపడినప్పుడు ఎర్రగడ్డలో మళ్లీ అదే దృశ్యం, ఓపీ ముందు బారులు.

తాగినప్పుడు బాగున్న మనిషి తాగనప్పుడు చావడమేంటి? ఇక్కడ కాఫీ తలనొప్పిని మళ్లీ గుర్తు తెచ్చుకోవాలి.

నిద్రమందు రోజూ బ్రేకు మీద కాలు వేస్తుంది. మెదడుకి బతకాలంటే మేలుకుని ఉండాలి, పని జరగాలి. అందుకని అది తన సొంత బ్రేకును పలచన చేసుకుంటుంది, గాబా తాళాలను తగ్గించుకుంటుంది, తొందరపెట్టే రసాయనాల వైపు బలం పెంచుకుంటుంది. నెలలూ ఏళ్లూ గడిచేసరికి ఆ మనిషి మామూలుగా ఉండడానికే మందు కావాలి. కైపు కోసం తాగే రోజులు ఎప్పుడో అయిపోయాయి, వణుకు రాకుండా తాగే రోజులు నడుస్తున్నాయి. అలాంటప్పుడు ఒక్కరోజులో మందు తీసేస్తే ఏమవుతుంది? బయటి బ్రేకు పోయింది, సొంత బ్రేకు ఎప్పుడో అరిగిపోయింది, తొందరపెట్టేది మాత్రం నిండుగా ఉంది. కణాలన్నీ ఒక్కసారిగా మోగిపోతాయి. అదే ఫిట్. చూసేదానికీ, కలకీ మధ్య గోడ కూలిపోతుంది. అదే లేని మనుషులు కనబడడం.

ఆల్ప్రజోలం శరీరంలోంచి త్వరగా వెళ్లిపోతుంది, ఇంచుమించు 11 గంటలకోసారి సగమవుతుంది. కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఇదంతా మొదలవుతుంది. ఎక్కువకాలం ఎక్కువగా తాగినవాళ్లు సారాయి ఆపినా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఇలాంటి ప్రమాదమే ఉంటుంది. ఇంకో సంగతి, మందు కల్లు తాగేవాళ్లలో చాలామందికి తాము నిద్రమందు తాగుతున్నట్టే తెలియదు. కల్లే తాగుతున్నాం అనుకుంటారు. తెలియకుండా పట్టుకున్న అలవాటును తెలియకుండానే ఒక్కరోజులో ఊడబెరికారు. అందుకే వణుకుతున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకున్నా ఆశ్చర్యం లేదు.

ఇంటిదాకా వచ్చినప్పుడు

ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరింట్లో ఏముందో ఎవరికీ తెలియదు. ఎవరూ చెప్పుకోరు కూడా. అందుకని అందరికీ పనికొచ్చేవి నాలుగు మాటలు.

రోజూ తాగే మనిషి గానీ, రోజూ నిద్రమాత్రలు వేసుకునే మనిషి గానీ ఒక్కసారిగా ఆపితే, ఆ మొదటి నాలుగైదు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. చేతులు వణకడం, విపరీతంగా చెమట పట్టడం, నిద్ర పట్టకపోవడం మొదలైతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్ వచ్చినా, లేనివి కనబడుతున్నా అస్సలు ఆలస్యం చేయకూడదు. గదిలో పెట్టి తలుపు గడియ వేయడం, మంచానికి కట్టేయడం, దిష్టి తీసి ఊరుకోవడం, ఇవి ప్రాణాల మీదికి తెస్తాయి. డాక్టర్లు చేసేది ఏంటంటే, అదే రకం మందును కొలిచి ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతారు. మెదడుకి తన బ్రేకు మళ్లీ కట్టుకోవడానికి సమయం దొరుకుతుంది. మత్తుమందుతో వచ్చిన జబ్బుని మత్తుమందుతోనే, లెక్క ప్రకారం దించుతారన్నమాట.

మనవరకు ఒక మాట. పరీక్షల ముందు నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో ఎవరో ఇచ్చిన బిళ్ల వేసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. అది చాలాసార్లు ఈ ఆల్ప్రజోలమే. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అది వేసుకుని చదివింది గుర్తుండడం కూడా కష్టం, జ్ఞాపకాలు రాసుకునే దీపాన్ని అదే తగ్గిస్తుంది కాబట్టి. డాక్టరు రాసిస్తే చెప్పినన్నాళ్లు వాడాలి, ఆపేటప్పుడు కూడా ఆయన చెప్పినట్టే ఆపాలి.

మన ఊళ్లో సాయం అందే చోట్లు ఉన్నాయి. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. దాని మొదలు 1794 నాటిది. అడయార్ వైపు టీటీకే ఆసుపత్రి ఉంది. మద్యం వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. తాగుడు చెడ్డబుద్ధి అని లోకం తిట్టే రోజుల్లో ఆమె దాన్ని వైద్యం చేయాల్సిన జబ్బుగా చూశారు, తాగేవాళ్లతోపాటు వాళ్ల కుటుంబాలకీ చికిత్సలో చోటిచ్చారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ఫోనులో సలహా కావాలంటే మత్తు అలవాటుకి 14446, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416. రెండూ ఉచితం.

మానేయడం మొదలుపెట్టిన మనిషి మూడో రోజు గ్లాసు పట్టుకోలేక నీళ్లు ఒలకబోస్తే ‘వేషాలు’ అనే మాట మన ఇళ్లలో చాలా తేలిగ్గా వస్తుంది. ఆ వణుకు మనసుది కాదు, బ్రేకు లేని మెదడుది. ఆ మాట అనేముందు ఒక ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.